బౌల్ గేమ్‌కి ముందు రూమా, టికెట్టా?

ప్రశ్న: మేం నార్త్ కరోలినాలోని కేరీలో ఉంటాం. మా అబ్బాయి ఎన్‌సీ స్టేట్‌లో (నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ) ఇంజనీరింగ్ రెండో ఏడు. వాడికి అమెరికన్ ఫుట్‌బాల్ పిచ్చి. జట్టు ఆరు మ్యాచ్‌లు గెలిచింది కాబట్టి డిసెంబర్‌లో బౌల్ గేమ్ (సీజన్ అయ్యాక వేరే ఊళ్లో పెట్టే అదనపు మ్యాచ్) ఖాయం, అందరం వెళ్దాం అని రోజూ ఒకటే గొడవ. ఏ ఊళ్లో ఆడతారని అడిగితే వాడికే తెలీదు. మా అత్తయ్యగారు, మామయ్యగారు తెనాలి నుంచి విజిటర్ వీసా మీద వచ్చి ఉన్నారు. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, మామయ్యగారికి షుగర్. మొత్తం అయిదుగురం. ఆలస్యం చేస్తే రేట్లు పెరిగిపోతాయని మా వారి భయం. టికెట్లు ఇప్పుడే కొనెయ్యాలా? అసలు పెద్దవాళ్లని తీసుకెళ్లొచ్చా? – ఒక పాఠకురాలు

సమాధానం: టికెట్లు ఇప్పుడు కొనకండి. ఏ మ్యాచ్‌కని కొంటారు? ఇప్పుడు చెయ్యదగ్గ పని ఒక్కటే: డబ్బు పోకుండా క్యాన్సిల్ చేసుకోగలిగే హోటల్ రూములు పట్టి ఉంచడం. ముందు రూము, తర్వాత ప్రయాణం, చివర్న టికెట్టు. ఈ వరస తిరగేసినవాళ్లకే ఎక్కువ డబ్బు వదులుతుంది.

మీ అబ్బాయికి ఊరు తెలియకపోవడంలో వాడి తప్పేమీ లేదు. ఎన్‌సీ స్టేట్ లెక్కే చూడండి. 2017లో ఎల్ పాసో, 2018 చివర్లో జాక్సన్‌విల్, 2021 జనవరిలో మళ్లీ జాక్సన్‌విల్, అదే ఏడాది డిసెంబర్‌లో శాన్ డియేగో, 2022లో షార్లట్, 2023లో ఓర్లాండో, 2024లో అనాపొలిస్. ఒకటి మీ ఇంటి నుంచి మూడు గంటల దూరం, ఇంకొకటి దేశానికి ఆ చివర. ఆరు గెలిస్తే బౌల్‌కి అర్హత వచ్చినట్టే, కానీ ఏ బౌల్ అన్నది పాయింట్ల పట్టిక చూసి చెప్పగలిగేది కాదు. ప్లేఆఫ్‌కి (జాతీయ ఛాంపియన్‌ని తేల్చే పోటీకి) వెళ్లే జట్లు పోగా మిగిలినవాటిని లీగూ, బౌల్ నిర్వాహకులూ మాట్లాడుకుని పంచుకుంటారు. నిరుడు వచ్చిన జట్టు మళ్లీ వద్దనుకోవచ్చు. ఎవరి అభిమానులు ఎక్కువగా కదిలొస్తారో కూడా చూస్తారు. నాలుగు మ్యాచ్‌లు ఎక్కువ గెలిచిన జట్టుకి దగ్గర ఊరు వస్తుందన్న నియమం ఏమీ లేదు.

ఖరారయ్యేది డిసెంబర్ మొదటి శనివారం మర్నాడు, ఆదివారం. ముందు రోజు లీగ్ ఫైనళ్లు అయిపోతాయి, ఆదివారం మధ్యాహ్నం ప్లేఆఫ్ జట్లు ప్రకటిస్తారు, సాయంత్రంలోపు మిగతా బౌల్స్‌లో ఎవరితో ఎవరన్న జతలన్నీ బయటికొస్తాయి. అక్కణ్ణించి మ్యాచ్‌కి మీకు దొరికే వ్యవధి రెండు నుంచి నాలుగు వారాలు. థాంక్స్‌గివింగ్ తర్వాతి వారమంతా ఎవరు ఎక్కడికన్న ఊహాగానాలు జోరుగా నడుస్తాయి. వాటిని నమ్మి రూము పట్టుకోవచ్చు, ఫ్లైట్ టికెట్ మాత్రం కొనకూడదు.

రూముల సంగతి. ఈ వారంలోనే షార్లట్, అనాపొలిస్, ఓర్లాండో, జాక్సన్‌విల్ – ఈ నాలుగు ఊళ్లలో క్యాన్సిల్ చేసుకోగలిగే రేటు మీద రెండేసి రూములు బుక్ చెయ్యండి. మ్యాచ్ తేదీలు ముందే ప్రకటించి ఉంటాయి, అవి చూసి ముందు రోజు రాత్రి, ఆ రోజు రాత్రి కలిపి తీసుకోండి. ఇక్కడ పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే: హోటల్ సైట్‌లో అదే రూముకి రెండు రేట్లు పక్కపక్కనే ఉంటాయి. పది, ఇరవై డాలర్లు తక్కువగా కనిపించేది ముందే డబ్బు కట్టే రేటు. అది నొక్కారా, ఆ డబ్బు తిరిగి రాదు. డిసెంబర్ 31 రాత్రి కలిస్తే కొన్ని హోటళ్లు రెండు రాత్రుల కనీస బుకింగ్, ముందస్తు డిపాజిట్ అడుగుతాయి, అదీ చూసుకోండి. క్యాన్సిల్ గడువు ఒక్కో హోటల్‌కి ఒక్కోలా, చెక్-ఇన్‌కి 24 గంటల నుంచి 72 గంటల ముందు దాకా ఉంటుంది, పైగా హోటల్ ఉన్న ఊరి టైము ప్రకారం. బుక్ చేసిన ప్రతిసారీ ఆ గడువుకి ఒక రోజు ముందు ఫోన్ క్యాలెండర్‌లో అలారం పెట్టుకోండి. ఊరు తేలిన ఆదివారం రాత్రే మిగతా మూడూ వదిలెయ్యండి, మనలాంటి ఇంకో కుటుంబం వాటికోసం వెతుకుతూ ఉంటుంది.

ఎల్ పాసో, శాన్ డియేగోలకి రూములు పట్టాల్సిన పని లేదు. ఎందుకో తర్వాత చెప్తాను.

ఇక ఆదివారం సాయంత్రం. ఫ్లైట్‌కి వెళ్లాల్సిన ఊరు వస్తే అమెరికా రవాణా శాఖ నియమం ఒకటి మీకు పనికొస్తుంది: ప్రయాణానికి వారం, అంతకన్నా ముందు ఎయిర్‌లైన్ దగ్గరే నేరుగా కొన్న టికెట్‌ని 24 గంటల్లోపు క్యాన్సిల్ చేస్తే మొత్తం డబ్బు వెనక్కివ్వాలి (కొన్ని ఎయిర్‌లైన్స్ దానికి బదులు కొనకుండానే 24 గంటలు రేటు ఆపి ఉంచుతాయి). కాబట్టి జత తెలియగానే రేటు చూసి కొనేసి, సోమవారం మధ్యాహ్నందాకా ఇంట్లో, ఆఫీసులో సెలవులు కుదుర్చుకోవచ్చు. ట్రావెల్ సైట్లలో కొంటే ఈ నియమం వర్తించదు, వాళ్ల షరతులు వాళ్లవి. ‘బేసిక్ ఎకానమీ’ అనే అన్నిటికన్నా చవక టికెట్ జోలికి పోకండి. అయిదుగురికి అయిదు చోట్ల సీట్లు పడతాయి, పెద్దవాళ్లు ఎవరి పక్కనో మధ్య సీట్లో ఇరుక్కుంటారు. దాని పై రకం టికెట్ అయితే పెద్ద ఎయిర్‌లైన్స్‌లో దేశం లోపల ప్రయాణానికి మార్పు రుసుము ఉండదు. మానుకుంటే ఆ సొమ్ము తర్వాతి ప్రయాణానికి పనికొస్తుంది.

కానీ మీ ఇంటి నుంచి చూస్తే సగం ఊళ్లకి కారే మేలు.

షార్లట్ అయితే ఆలోచించక్కర్లేదు, అందరూ వెళ్లండి. కారులో రెండున్నర, మూడు గంటలు. కేరీ స్టేషన్‌లో పీడ్‌మాంట్ రైలు ఎక్కినా మూడు గంటలే. అత్తయ్యగారికి కాళ్లు చాపుకునే వీలుంటుంది. కాకపోతే షార్లట్ స్టేషన్ నుంచి స్టేడియం రెండు మైళ్లకు పైనే, అక్కడ క్యాబ్ పట్టాలి. రాత్రి మ్యాచ్ అయితే తిరుగు రైలు దొరక్కపోవచ్చు. కారులో వెళ్తే ఊరి బయట లైట్ రైల్ స్టేషన్‌లో కారు పెట్టి అప్‌టౌన్ దాకా రైల్లో పోవడం సుఖం. ఆ బౌల్ ఒక మయొనీజ్ కంపెనీ పేరున జరుగుతుంది కాబట్టి అక్కడ గెలిచిన కోచ్ నెత్తిన మయొనీజ్ కుమ్మరించడం ఆనవాయితీ. మామయ్యగారికి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే గొడవైందనుకుంటారు.

అనాపొలిస్ దూరం మూడు వందల మైళ్లు. మ్యాప్ అయిదు గంటలంటుంది. క్రిస్మస్ తర్వాతి రోజుల్లో ఆ మాట నమ్మకండి. ఐ-95 మీద ఫ్రెడరిక్స్‌బర్గ్ నుంచి వాషింగ్టన్ దాకా ఉన్న ముక్క మామూలు రోజుల్లోనే కదలదు. రిచ్‌మండ్ దాటాక 104వ ఎగ్జిట్‌లో దిగి, 207 మీదుగా బౌలింగ్ గ్రీన్ వెళ్లి యూఎస్-301 అందుకోండి. పొటోమాక్ నది వంతెన దాటి, వాల్డార్ఫ్, బోవీ మీదుగా పోయి యూఎస్-50లో కలిస్తే వాషింగ్టన్ చుట్టూ ఉన్న రద్దీ తగలదు. సిగ్నళ్లు ఉంటాయి, వంతెన మీద టోల్ ఉంటుంది, అయినా కారు కదులుతూ ఉంటుంది. ముందు రోజు వెళ్లి పడుకోవడమే సరైన పద్ధతి. మ్యాచ్ రోజు పొద్దున బయల్దేరి అందుకుందామనే ధైర్యం పెద్దవాళ్లు ఉన్నప్పుడు వద్దు.

ఓర్లాండో ఆరు వందల మైళ్లు. ఒక్క రోజులో నడపొచ్చు, కానీ మోకాళ్ల నొప్పి ఉన్న మనిషి తొమ్మిది, పది గంటలు వెనక సీట్లో కూర్చోలేదు. గంటన్నరకోసారి దింపి నాలుగడుగులు వేయించాలి. మధ్యలో సవానా దగ్గర ఒక రాత్రి ఆగితే తేలిక. ఆ వారం థీమ్ పార్కులు కిటకిటలాడే వారం. డిస్నీ వైపు రూముల ధరలు మండిపోతాయి, అందుకే ఉత్తరాన లేక్ మేరీ, శాన్‌ఫర్డ్ వైపు చూడండి. ఓర్లాండోని మ్యాచ్ కోసం కాకుండా నాలుగు రోజుల సెలవుగా వేసుకుంటేనే ఖర్చుకి అర్థం ఉంటుంది. జాక్సన్‌విల్ సగం దూరమేమీ కాదు గానీ ఐ-95 మీద నేరుగా ఏడు గంటలు, అక్కడ చెప్పుకోదగ్గ ఇబ్బంది లేదు.

ఎల్ పాసో గానీ శాన్ డియేగో గానీ వచ్చిందా, మీ వారూ అబ్బాయీ ఇద్దరే వెళ్లమనండి. అయిదుగురికి విమానం ఛార్జీలు, అద్దె కారు, మూడు రాత్రుల రూములు – మూడున్నర గంటల ఆట కోసం ఇంత పెట్టడం నా దృష్టిలో దండగ. ఇద్దరికైతే రూములు ఆదివారం తర్వాత కూడా దొరుకుతాయి. శాన్ డియేగోలో స్టేడియం గుమ్మం దగ్గరికే గ్రీన్ లైన్ ట్రాలీ వెళ్తుంది, కారు కూడా అక్కర్లేదు. ఎల్ పాసో టెక్సస్‌లోనే ఉన్నా మౌంటెన్ టైమ్, మీకన్నా రెండు గంటలు వెనక. ఆ ఊరు మెక్సికో సరిహద్దు మీదే ఉంది. సరదాకి వంతెన దాటి హువారెజ్ చూసొద్దామనుకుని వీసా స్టాంపింగ్ గడువు అయిపోయిన సంగతి మర్చిపోయేవాళ్లు ఉంటారు, ఆ జోలికి వెళ్లొద్దు. వైట్ శాండ్స్ (తెల్ల ఇసుక దిబ్బల పార్కు) చూడ్డానికి వెళ్తే తిరుగుదారిలో యూఎస్-70 మీద బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్ట్ ఉంటుంది, కాగితాలు చేతిలో ఉండాలి.

ఇప్పుడు మీ వారి భయం దగ్గరికొద్దాం. అది ప్లేఆఫ్ మ్యాచ్‌ల విషయంలో నిజం, మామూలు బౌల్ విషయంలో చాలాసార్లు తారుమారు. ప్రతి యూనివర్సిటీ బౌల్ నిర్వాహకుల దగ్గర కొన్ని వేల టికెట్లు తీసుకుని తన అభిమానులకి అమ్ముకోవాలి. దూరం ఎక్కువైనా, సీజన్ చివర్లో జట్టు ఓడినా, పండగ వారంలో జనం కదలకపోయినా అవి మిగిలిపోతాయి. కొన్నవాళ్లలో కూడా కొందరు రాలేక తిరిగి అమ్మకానికి పెడతారు. మ్యాచ్ దగ్గరపడే కొద్దీ అమ్మేవాళ్లు పెరిగి కొనేవాళ్లు తగ్గుతారు. అందుకే చివరి వారంలో రేటు జారడం మామూలే. షార్లట్‌లాంటి దగ్గర ఊరు వచ్చి, ఎదురు జట్టు కూడా ఆ చుట్టుపక్కలదే అయితే మాత్రం జారదు.

అయితే ఈ చివరి నిమిషం లాభం ఇద్దరికి, నలుగురికి. అయిదుగురికి కాదు. అమ్మకానికొచ్చే టికెట్లు ఎక్కువగా జతలు, నాలుగులు. వరసగా అయిదు కావాలంటే దొరకవు, దొరికితే ఆ ఒక్క కారణానికే రేటు ఎక్కువ. దీనికి మీ ఇంట్లోనే మందుంది. చాలా యూనివర్సిటీలు బౌల్‌కి విద్యార్థులకి విడిగా, తక్కువ ధరకి టికెట్లిస్తాయి. మీ అబ్బాయి తన లాగిన్‌తో అది కొనుక్కుని స్నేహితులతో కూర్చుంటాడు. వాడికి కావాల్సిందీ అదే, పైకి అనడు. మీకు మిగిలేది నలుగురు, నాలుగు సీట్లు ఎక్కడైనా దొరుకుతాయి.

ఇంకో సంగతి కూడా ఉంది. అత్తయ్యగారు మెట్లు ఎక్కలేకపోతే మామూలు టికెట్లు కొని అక్కడికెళ్లి బతిమాలుకోవాల్సిన అవసరం లేదు. మెట్లు లేని సీట్లు వికలాంగుల హక్కుల చట్టం కింద ప్రతి స్టేడియంలో ఉంటాయి. వీల్‌చైర్‌లో ఉన్నవారికే కాదు, మెట్లెక్కలేనివారికి కూడా అడిగే హక్కు ఉంది. అలాంటి సీటు తీసుకుంటే పక్కనే మరో ముగ్గురికి దాకా సీట్లు ఇవ్వాలి. మీరు సరిగ్గా నలుగురే. ఇవి మాత్రం చివరి వారందాకా ఆగకుండా సోమవారం పొద్దున్నే యూనివర్సిటీ టికెట్ ఆఫీసుకి ఫోన్ చేసి అడగండి, మిగతావాటికన్నా ముందు అయిపోయేవి ఇవే.

బయట కొంటే, 2025 మే నుంచి టికెట్ సైట్లు ఛార్జీలన్నీ కలిపిన ధరే మొదట చూపించాలి, కాబట్టి రెండు సైట్లలో పోల్చడం తేలికైంది. తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ‘మా ఫ్రెండ్ దగ్గర ఎక్స్‌ట్రా ఉన్నాయి’ అని వచ్చేవాటితోనే జాగ్రత్త. టికెట్ ఫొటో పంపి, జెల్‌లో (బ్యాంకు ఖాతా నుంచి నేరుగా పంపే పద్ధతి) డబ్బు వెయ్యమంటారు. ఇప్పటి టికెట్లలో బార్‌కోడ్ క్షణక్షణం మారే రకం ఎక్కువ, స్క్రీన్‌షాట్ గేటు దగ్గర పనిచెయ్యదు. జెల్‌లో మీ చేత్తో మీరు పంపిన డబ్బు వెనక్కి రాదనే అనుకోవాలి. నిజంగా తెలిసినవాళ్లైతే యాప్‌లోంచి మీ పేరుకి ట్రాన్స్‌ఫర్ చెయ్యమనండి, అది మీ ఖాతాలో కనబడ్డాకే డబ్బివ్వండి.

గేటు దగ్గర ఇదిగో ఇలా జరుగుతుంది. నలభై వేలమంది ఒకేసారి ఫోన్లు తీస్తారు, నెట్‌వర్క్ కూలబడుతుంది, యాప్ తిరుగుతూనే ఉంటుంది, వెనక వరస గొణుగుతుంది. హోటల్‌లో వైఫై ఉన్నప్పుడే నాలుగు టికెట్లూ ఫోన్ వాలెట్‌లో వేసుకోండి. పెద్దవాళ్ల ఫోన్లకి పంపొద్దు, నాలుగూ మీ ఒక్క ఫోన్‌లోనే ఉంచి, వాళ్లని ముందు నడిపించి ఒక్కొక్కటీ జరుపుతూ స్కాన్ చేయించండి. చలికి ఫోన్ బ్యాటరీ త్వరగా పడిపోతుంది, లోపలి జేబులో పెట్టుకోండి.

అత్తయ్యగారి హ్యాండ్‌బ్యాగ్ లోపలికి రానివ్వరు. చాలా స్టేడియాల్లో పారదర్శకంగా ఉన్న సంచీనే తీసుకెళ్లాలి, 12 అంగుళాల పొడవు, 12 ఎత్తు, 6 వెడల్పు దాటకూడదు. ఒక గ్యాలన్ జిప్‌లాక్ కవరు అయినా సరే. అరచేతి పర్సు, అంటే నాలుగున్నర బై ఆరున్నర అంగుళాలది, విడిగా ఉండొచ్చు. మామయ్యగారి ఇన్సులిన్, మీటరు, తీపి ఏదైనా ఒకటి జిప్‌లాక్‌లో వేసి, మందుల చీటీతో సహా గేటు దగ్గర ముందే చెప్పండి. వైద్య అవసరాలకి తనిఖీ చేసి పంపుతారు. బయటి తిండి మాత్రం ఇంకేదీ మామూలుగా రానివ్వరు. లోపల శాకాహారులకి ప్రెట్‌జెల్, పాప్‌కార్న్, ఫ్రైస్, చీజ్ నాచోస్. బీన్స్ వేసినవైతే అడిగి తీసుకోండి, వాటిలో పంది కొవ్వు వాడే పద్ధతి ఉంది. కాబట్టి తిండి పార్కింగ్ లాట్‌లోనే కానివ్వండి. టెయిల్‌గేట్‌కి (మ్యాచ్‌కి ముందు కారు దగ్గరే తినడం, కబుర్లు) అనుమతి ఉన్న లాట్‌కి పార్కింగ్ పాస్ ముందే కొనాలి, ఆ రోజు అమ్మకపోవచ్చు. చలికి గట్టిపడకుండా పులిహోరలో నూనె ఓ చెంచా ఎక్కువ పడనివ్వండి.

డిసెంబర్ చివర అనాపొలిస్‌లో చలి కింది నుంచి వస్తుంది. ఒంటికి ఎన్ని స్వెట్టర్లు వేసినా కాళ్లు కాంక్రీట్ మీద ఉంటాయి కాబట్టి అక్కణ్ణించి లాగుతుంది. ఉన్ని సాక్సులు, బూట్లు, పాదాల కింద మడిచి పరిచిన అట్టపెట్టె ముక్క – ఈ మూడో వస్తువే అన్నిటికన్నా పనిచేస్తుంది, దాన్ని గేటు దగ్గర ఆపితే బయటి చెత్తబుట్టలో పడేస్తే పోయే. జిప్పులు, జేబులు లేని సీటు కుషన్‌ని చాలాచోట్ల రానిస్తారు, ఆ స్టేడియం సైట్‌లో కొలతలు చూసుకోండి. చీర మీద స్వెట్టర్, కింద చెప్పులు మాత్రం వద్దు. లోపల థర్మల్స్ వేయించి సల్వార్ కట్టుకోమని ఒప్పించడం మీ పని.

కాగితాలు: విజిటర్ వీసా మీద ఉన్నవాళ్లు పాస్‌పోర్టు, ఐ-94 (అమెరికాలో ప్రవేశించిన రికార్డు) ప్రింటు వెంట ఉంచుకోవాలి. 18 ఏళ్లు దాటిన విదేశీయులకి రిజిస్ట్రేషన్ కాగితాలు ఎప్పుడూ దగ్గరుండాలన్నది చట్టం. విమానం ఎక్కడానికి ఇండియన్ పాస్‌పోర్టు చెల్లుతుంది. మీ డ్రైవింగ్ లైసెన్సు మీద నక్షత్రం గుర్తు (రియల్ ఐడీ) లేకపోతే మీరూ పాస్‌పోర్టే తీసుకెళ్లండి. వాళ్ల విజిటర్ ఇన్సూరెన్స్ కార్డు, ఆ ఊళ్లో దగ్గరి అర్జెంట్ కేర్ అడ్రసు మీ ఫోన్‌లో ఉండాలి.

చెడిపోయే వీలున్నవి రెండు చెప్పాలి. మొదటిది మీ అబ్బాయికి: వాడు ఏ ఒక్క ఆటగాడి కోసమో వెళ్దామంటుంటే ఆ ఆటగాడు దిగుతాడో లేదో చూసుకోమనండి. 2016లో స్టాన్‌ఫర్డ్ ఆటగాడు క్రిస్టియన్ మెక్‌కాఫ్రీ సన్ బౌల్ మానుకున్నప్పటి నుంచి, ఎన్‌ఎఫ్‌ఎల్‌కి (ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) వెళ్లేవాళ్లు దెబ్బ తగులుతుందని బౌల్‌కి దూరంగా ఉండటం మామూలైంది. వేరే యూనివర్సిటీకి మారేవాళ్లూ అంతే. రెండోది మీ వారికి: 2021 డిసెంబర్ 28న శాన్ డియేగోలో ఎన్‌సీ స్టేట్ ఆడాల్సిన హాలిడే బౌల్, కోవిడ్ వల్ల ఎదురు జట్టు యూసీఎల్‌ఏ తప్పుకోవడంతో, ఆట మొదలవడానికి కొన్ని గంటల ముందు రద్దయింది. అప్పటికే అభిమానులు ఆ ఊళ్లో ఉన్నారు. 2018లో డాలస్‌లో ఉరుముల మెరుపుల వల్ల ఒక బౌల్ మొదటి క్వార్టర్‌లోనే ఆగిపోయి, లెక్కలోకి రాకుండా పోయింది. అలాంటప్పుడు టికెట్ డబ్బు సంగతి నిర్వాహకులు చూస్తారేమో గానీ ఫ్లైట్, రూము డబ్బు మీదే. మామూలు ట్రావెల్ ఇన్సూరెన్స్ దీనికి పనికిరాదు. ‘ఏ కారణానికైనా రద్దు’ అనే రకం ఉంటుంది, ఖరీదెక్కువ, పైగా సాధారణంగా మొదటి చెల్లింపు జరిగిన రెండు, మూడు వారాల్లోపే తీసుకోవాలి, ఇచ్చేదీ ఖర్చులో సగం నుంచి ముప్పాతిక దాకానే. షార్లట్, అనాపొలిస్‌లకి అక్కర్లేదు.

ఆఫీసులో డిసెంబర్ 26 నుంచి జనవరి 2 దాకా సెలవు మాత్రం ఇవాళే అడిగి ఉంచమనండి. రూముల్లాగే, అక్కర్లేకపోతే వెనక్కి తీసుకోవచ్చు.